పేజీకి ఎన్ని గొడుగులు? కామిక్స్ ప్రచురణకర్తలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కామిక్స్ ప్రచురణకర్తలకు, ఎడిటర్లకు,

నమస్కారం.

నేను పద్దెనిమిదేళ్లుగా కామిక్స్‌కి బొమ్మలు వేస్తున్నాను. మీలో కొందరి దగ్గర పని చేశాను, కొందరి దగ్గర పని అడిగి ఉత్త చేతులతో వెనక్కి వచ్చాను. పేరు పెట్టకుండా రాస్తున్నందుకు పిరికివాడు అనుకుంటే అనుకోండి. మన రంగం చిన్నది. "ఫలానావాడు రేటు దగ్గర పేచీ పెడతాడు" అన్న మాట ఒక ఆఫీసులో పుట్టి ఇంకో ఆఫీసుకి చేరడానికి ఒక్క ఫోన్ చాలు. వచ్చే నెల అద్దె ఎలా కట్టాలా అని ఆలోచించేవాడు ఆ ఫోన్‌కి భయపడకుండా ఎలా ఉంటాడు?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, పేజీ గురించి. మీ లెక్కల్లో పేజీ అంటే ఒకటి. ఇరవై పేజీలు గీస్తే ఇరవై, దాన్ని రేటుతో హెచ్చవేస్తే బిల్లు. మా బల్ల మీద పేజీ అంటే గంటలు. కొన్ని పేజీలు ఐదు గంటలు, కొన్ని నాలుగు రోజులు. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు నాకు మీలో ఇంతవరకు కనబడలేదు. ఒక్కసారి చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

పోయిన నెల వేసిన పేజీ ఒకటి చెప్తాను. స్క్రిప్టులో మొదటి ప్యానెల్‌కి (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే గడి) రాసి ఉన్నది ఇంతే: "వానలో సంత. అంతా గొడుగులే. వాటి మధ్య గొడుగు లేని పిల్ల." తొమ్మిది మాటలు. రాసినవాడు నా స్నేహితుడే, పన్నెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. చదవగానే ఆ బొమ్మ నా కళ్ల ముందుకి వచ్చేసింది. కళ్ల ముందుకి వచ్చినంత సుళువుగా కాగితం మీదికి రాదు, అదే ఈ పనిలో చిక్కు.

ముందు థంబ్‌నెయిల్ వేసుకోవాలి. అగ్గిపెట్టెంత బొమ్మ, ఎక్కడి నుంచి చూస్తున్నామో తేల్చుకోవడానికి. బాగా పైనుంచి చూస్తే గొడుగులు అందంగా వస్తాయి, పిల్ల మొహం కనబడదు. కింది నుంచి చూస్తే మొహం కనబడుతుంది, గొడుగులు పోయి కర్రలు మిగులుతాయి. ఆరు వేసి కొట్టేశాను. ఏడోది కుదిరింది: పక్కనున్న కొట్టు మెట్ల మీద, మూడో మెట్టు ఎత్తు నుంచి. అప్పటికి గంటన్నర అయింది, ఒరిజినల్ బోర్డు మీద ఇంకా ఒక్క గీత కూడా పడలేదు.

తర్వాత గొడుగులు. గొడుగుకి ఎనిమిది ఊచలు, మన వైపు కనబడేవి మూడో నాలుగో. ఒక గొడుగు వేసి దాన్నే పక్కన అతికించుకుంటూ పోతే కుదరదు, ఎందుకంటే దాన్ని పట్టుకున్న మనిషి ఎత్తు వేరు, తొందర వేరు. ముసలాయన గొడుగు ముందుకి వాలి ఉంటుంది. ఇద్దరు కలిసి పట్టుకున్న గొడుగు ఒకరి మీదే ఎక్కువ ఉంటుంది, రెండోవాళ్ల భుజం తడుస్తుంది. ఒక్క గొడుగైనా గాలికి తిరగబడాలి, లేకపోతే అది బొమ్మలో వాన, వాన కాదు. మొత్తం నలభై మూడు గొడుగులు వచ్చాయి. వాటి కింద కాళ్లు, చెప్పులు, బూట్లు, ఎత్తిపట్టుకున్న అంచులు, కింద నీళ్లలో మళ్లీ అవన్నీ తలకిందులుగా. పెన్సిల్‌కి రోజున్నర, ఇంకుకి ఒక రోజు. ఆ పేజీలో ఇంకా నాలుగు ప్యానెళ్లు మిగిలే ఉన్నాయి.

దాని పక్క పేజీలో ఇద్దరు మనుషులు గోడకి ఆనుకుని మాట్లాడుకుంటారు. ఆరు ప్యానెళ్లు, ఒకటే గోడ. ఐదు గంటల్లో లేచాను. రెండు పేజీలకీ డబ్బు ఒకటే.

"సగటున సరిపోతుందిగా" అంటారు మీరు. చాలాసార్లు విన్నాను. ఆ సగటు కట్టింది ఎవరు? స్క్రిప్టు ఇంకా పుట్టకముందే రేటు మాట్లాడేస్తాం. ఆ తర్వాత వచ్చేది గోడల కథో గొడుగుల కథో నా అదృష్టం. ఏ మేస్త్రీ అయినా ఎన్ని గదులో, ఎన్ని అంతస్తులో అడక్కుండా ఇల్లు కడతానని ఒప్పుకుంటాడా?

ఇందులో రచయితని తప్పుపట్టొద్దు. అతని సంగతి ఇంకా ఘోరం. చాలా చోట్ల పేజీకి రచయితకి ఇచ్చేది ఆర్టిస్టుకి ఇచ్చేదాంట్లో ఒక ముక్క. "తొమ్మిది మాటలకి ఇంతా?" అని ఒక ఎడిటర్ మా స్నేహితుడి ముందే నవ్వాడు. ఆ ప్యానెల్‌కి అతను మొదట ఆ పిల్ల తనలో తాను అనుకునే మాటలు రాశాడు, ముప్పై ఒక్క మాటలు. నా పెన్సిల్ బొమ్మ చూశాక మాటల బెలూన్ పెడితే రెండు గొడుగులు పోతాయని తొమ్మిదికి తెచ్చాడు. సాయంత్రానికి అవీ తీసేశాడు. ఆ ప్యానెల్‌లో ఇప్పుడు ఒక్క మాట లేదు, వాన చప్పుడు కూడా రాయలేదు. దాని బలమంతా అక్కడే ఉంది. ఒక పూట పని, చివరికి మిగిలింది సున్నా మాటలు. మాటకి ఇంత అని లెక్క కడితే అతను మీకే బాకీ.

రచయిత చేసే పనిలో సగం కనబడదు. కుడి పేజీ చివర అనుమానం రేపి, పేజీ తిప్పగానే ఎడమ పేజీలో దాన్ని పేల్చాలి. పుస్తకం చదివేవాడి వేలు కూడా అతని కథలో ఒక పాత్ర. మీరు ఆఖరి నిమిషంలో మధ్యలో ఒక ప్రకటన పేజీ దూర్చినప్పుడు మొత్తం ఒక పేజీ జరుగుతుంది, పేలాల్సింది ముందే కనబడిపోతుంది. అప్పుడు అతను మూడు సీన్లు కుదించి, ఒకటి సాగదీసి మళ్లీ సర్దాలి. దానికి బిల్లు ఉండదు, ఎందుకంటే పేజీలు అన్నే ఉన్నాయి.

ఈ మాట నాకూ చెప్పారు. కొన్నేళ్ల కిందట ఒక సంస్థకి 22 పేజీల కథ చేశాను. ఇంకింగ్ కూడా అయిపోయి ఫైళ్లు పంపేశాక, ఒక శుక్రవారం రాత్రి మెయిల్ వచ్చింది. "చిన్న మార్పు. హీరో కోటు మోకాళ్ల దాకా ఉంటే బాగుంటుందని పైవాళ్లు అంటున్నారు. సోమవారం ఉదయానికి పంపేయండి." నడుము దాకా ఉన్న కోటుని మోకాళ్ల దాకా పెంచడం అంటే అంచు పట్టుకుని కిందికి లాగడం కాదు. పరిగెడితే ఎగరాలి, కూర్చుంటే మడత పడాలి, మెట్లు దిగుతుంటే వెనక ఈడ్చుకురావాలి. కొట్లాట సీన్లో వెనకాల పడి ఉన్న మనిషి కాళ్లని అది కప్పేస్తుంది, కాబట్టి ఆ మనిషి ఇంకోలా పడాలి. హీరో ఉన్న ప్యానెళ్లు 64. శని, ఆదివారాలు నిద్ర లేదు. సోమవారం పంపి, మర్యాదగానే అడిగాను, దీనికి అదనంగా ఏమైనా ఇస్తారా అని.

"పేజీల సంఖ్య పెరగలేదు కదండీ" అన్నారు.

నిజమే, పెరగలేదు. 22 అలాగే 22. అబద్ధం చెప్పారని అనలేను.

చిత్రం ఏమిటంటే, పుస్తకం వచ్చాక కవర్ మీద హీరో పాత కోటులోనే ఉన్నాడు. కవర్ వేరే ఆయన వేశాడు, ఆయనకి ఎవరూ మెయిల్ పెట్టలేదట.

అందరు ఎడిటర్లూ ఇలాగే ఉంటారని నేను అనను. ఒక ఎడిటర్ రైల్వే యార్డు సీను ఉన్న స్క్రిప్టు పంపుతూ, తానే వెళ్లి తీసిన అరవై ఫొటోలు జత చేసింది. ఇంజను పక్కనుంచి, బోగీల మధ్యనుంచి, సిగ్నల్ కిందనుంచి. నాకు కనీసం రెండు రోజులు మిగిలాయి. ఆమెకి జీతం పెరిగిందో లేదో తెలియదు, ఆ ఏడాదే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఎడిటర్ల బల్లల మీద కూడా ఒక్కొక్కరికి ఏడెనిమిది పుస్తకాలు పడి ఉంటాయని నాకు తెలుసు. కానీ మీ ఒత్తిడి మా దగ్గరికి వచ్చేటప్పుడు దాని బరువు తగ్గి రాదు, పెరిగి వస్తుంది.

పెరుగుతూ పెరుగుతూ ఆఖర్న అక్షరాలు వేసే లెటరర్ నెత్తిన పడుతుంది. రచయిత నాలుగు రోజులు ఆలస్యం చేస్తాడు, నేను వారం ఆలస్యం చేస్తాను (ఒప్పుకుంటున్నాను), కలరిస్టు రాత్రీ పగలూ చేసి ఆ ఆలస్యంలో రెండు రోజులు తగ్గిస్తాడు. ప్రింటింగ్ తేదీ మాత్రం కదలదు. బెలూన్లు పెట్టి, మాటలు అమర్చి, చప్పుళ్లు గీయాల్సినవాళ్లకి మిగిలేది ఒక రాత్రి. పాఠకుడు చదివే ప్రతి అక్షరం వాళ్ల చేతి మీదుగా వెళ్తుంది, కవర్ మీద వాళ్ల పేరు వెతికితే దొరకదు.

పేజీ లెక్క మా గంటల్ని దాచిపెడుతుందని ఇంతసేపూ చెప్పాను. ఇంకొకటి కూడా దాచిపెడుతుంది. అది మీకు నాకన్నా బాగా తెలుసు.

1938లో జెరీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్ మొదటి కథ అమ్మారు. పేజీకి 10 డాలర్లు, 13 పేజీలు, 130 డాలర్లు. లెక్కలో తప్పేమీ లేదు. ఆ పేజీలతో పాటు ఆ పాత్ర మీద హక్కులన్నీ వెళ్లిపోయాయి, వాటికి విడిగా ఏ అంకె వేయలేదు. ఇతర కథల డబ్బు కూడా కలిపి 412 డాలర్లకి ఒక చెక్కు ఇచ్చారు. దాని మీద ఇద్దరి ఇంటిపేర్లూ తప్పుగా రాశారు, అందుకని వెనక వాళ్లు రెండేసి సార్లు సంతకం పెట్టాల్సి వచ్చింది, తప్పు పేరుతో ఒకసారి, సొంత పేరుతో ఒకసారి. ఆ చెక్కు కాగితం 2012లో వేలంలో 1,60,000 డాలర్లకి పోయింది. 1975లో, షుస్టర్ చూపు దాదాపు పోయి ఇద్దరూ ఇబ్బందుల్లో ఉన్నప్పుడు, నీల్ ఆడమ్స్, జెరీ రాబిన్సన్ లాంటి తోటి ఆర్టిస్టులు గొడవ చేస్తే తప్ప వాళ్లకి ఏడాదికి 20,000 డాలర్ల పింఛనూ, పుస్తకం మీద పేర్లూ తిరిగి రాలేదు.

రచయిత బిల్ ఫింగర్‌కి ఆ మాత్రం కూడా దొరకలేదు. బ్యాట్‌మ్యాన్ రూపం, కథలు తయారవడంలో అతనిది పెద్ద చెయ్యి. ఒప్పందం ఆర్టిస్టు బాబ్ కేన్ పేరు మీద ఉంది కాబట్టి దశాబ్దాలు కేన్ పేరే వేశారు. ఫింగర్ 1974లో పోయాడు. అతని పేరు అధికారికంగా పక్కన చేరింది 2015లో.

మీరు ఇవన్నీ పాత కథలంటారు. సరే, కొంచెం కొత్తవి చూద్దాం. ఒకప్పుడు అమెరికాలో కొన్ని సంస్థలు చెక్కు వెనకే ఒప్పందం అచ్చేసేవి. డబ్బు తీసుకోవాలంటే దాని కిందే సంతకం, అంటే బ్యాంకులో వేసుకుంటే హక్కులు ఇచ్చేసినట్టే. 1976 నాటి కాపీరైట్ చట్టం వచ్చాక ఆ పని కాంట్రాక్టుతో చేయడం మొదలుపెట్టారు. "వర్క్ ఫర్ హైర్" అన్న మూడు మాటల మీద సంతకం పెడితే, చట్టం దృష్టిలో ఆ పనికి కర్త డబ్బిచ్చిన సంస్థే. గీసినవాడు కర్త కాదు. చేతిలో పెన్సిల్ పట్టుకుని ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

జాక్ కర్బీ సంగతి కూడా చెప్పాలి. జో సైమన్‌తో కెప్టెన్ అమెరికా, స్టాన్ లీతో ఫెంటాస్టిక్ ఫోర్ తయారుచేసిన మనిషి. తాను గీసిన ఒరిజినల్ పేజీలు తిరిగి ఇమ్మని 1980లలో మార్వెల్ సంస్థని అడిగితే, మిగతా ఆర్టిస్టులకి ఒక పేజీ ఫారం ఇచ్చి ఆయనకి మాత్రం నాలుగు పేజీల ఫారం పంపించారు. తోటి కళాకారులు, పాఠకులు గొంతెత్తాక 1987లో కొన్ని పేజీలు ఇచ్చారు, అవి సుమారు 2,000. ఆయన గీసిన మొత్తంలో అది చిన్న భాగమే. ఒరిజినల్ అంటే ఏమిటో ప్రింట్ మాత్రమే చూసేవాళ్లకి తెలియదు. పదకొండు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల ఎత్తు బోర్డు. దాని మీద రబ్బరు పెట్టి చెరిపిన గీతల జాడలు, తెల్ల రంగు పూసి సరిదిద్దిన ముక్కు, పక్కన మార్జిన్‌లో ఎడిటర్‌కి రాసిన మాట. ముసలితనంలో దాన్ని అమ్ముకుని ఒకడు బతకొచ్చు. మీ గోడౌన్‌లో అది అట్టముక్క.

ఈ మధ్యే నా దగ్గరికి వచ్చిన ఒక కాంట్రాక్టులో కొత్త వాక్యం ఒకటి చూశాను: నా బొమ్మల్ని "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని రకాల సాంకేతిక వ్యవస్థల శిక్షణకి" వాడుకోవచ్చని. దాని పక్కన డబ్బుల గడి ఉందేమో అని రెండుసార్లు వెతికాను. రేటు మళ్లీ పేజీకే. 130 డాలర్ల కథ గుర్తొచ్చి ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పంపాను. జవాబు రాలేదు. పనీ రాలేదు.

"మీకు హక్కులే కావాలంటే సొంతంగా వేసుకోండి" అంటారు కొందరు. వేసుకున్నవాళ్లున్నారు. 1992లో పేరున్న ఆర్టిస్టులు ఏడుగురు మార్వెల్‌కి పని మానేసి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు, తమ పాత్రలు తమవే అన్న షరతుతో. ఆ రోజు మా అందరికీ పండగే. ఆ పద్ధతిలో ఇంకో వైపు కూడా ఉంది. హక్కులన్నీ నీవే అంటే పుస్తకం అమ్ముడయ్యేదాకా ఖర్చంతా నీదే. ఐదారు నెలలు పైసా రాకుండా గీయగలిగిన మనిషి ఎవరు? ఇంట్లో ఇంకొకరికి జీతం వచ్చేవాడు, లేదా ఇదివరకే పేరు సంపాదించినవాడు. నేను రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి మూడో సంచికతో ఆగిపోయింది, రెండోసారి మొదటిదానితోనే. కలరిస్టుకి ఇవ్వాల్సిన బాకీ ఇంకా పూర్తిగా తీర్చలేదు. వాడు అడగడు, అది ఇంకా బాధ.

ఒక సంఘంగా చేరదామంటే అదీ తేలిక కాదు. 1978లో నీల్ ఆడమ్స్ చొరవతో ఒక గిల్డ్ పెట్టాలని చూశారు, నిలబడలేదు. తలుపు వేసుకుని ఎవరి గదిలో వాళ్లు పనిచేసుకునేవాళ్లం. మా ఫ్యాక్టరీకి గేటు లేదు, గేటు దగ్గర నిలబడి మాట్లాడుకోవడానికి.

అయినా ఫ్రాన్స్ వాళ్లు ఒక మంచి పని చేశారు. కామిక్స్‌ని తొమ్మిదో కళ అని గౌరవించే దేశం, పుస్తకాల షాపుల్లో వాటికి గోడలకి గోడలే ఉంటాయి. అక్కడ కళాకారులే పూనుకుని తమ బతుకులు లెక్కపెట్టుకున్నారు. 2016లో ఫలితాలు బయటపెట్టారు. దాదాపు 1,500 మంది జవాబిచ్చారు. 53 శాతం మంది సంపాదన దేశపు కనీస వేతనం కంటే తక్కువ. 36 శాతం మంది పేదరిక రేఖకి కింద. ఆడవాళ్లని విడిగా చూస్తే పేదరిక రేఖకి కింద ఉన్నది సగం మంది. షాపుల్లో గోడలు నిండా ఉన్నాయి, వాటిని నింపినవాళ్ల జేబులు ఇలా ఉన్నాయి.

ఇక ఒళ్లు. దీని గురించి మేం ఒకరికొకరం చెప్పుకుంటాం గానీ మీకు చెప్పం, చెప్తే పని ఇవ్వరని భయం. నాకు బొటనవేలి మొదట్లో నొప్పి ఏడేళ్ల నుంచి ఉంది. రాత్రి పట్టీ కట్టుకుని పడుకుంటాను. పొద్దున్న లేవగానే గుప్పిట మూసి తెరిచి చూసుకోవడం అలవాటైపోయింది. ఫ్రీలాన్సర్‌కి సిక్ లీవ్ ఉండదు. మంచాన పడిన రోజు అంటే పేజీ లేని రోజు, పేజీ లేని రోజు అంటే డబ్బు లేని రోజు. అమెరికాలో 2000 నుంచి హీరో ఇనిషియేటివ్ అనే సంస్థ విరాళాలు పోగుచేసి పాతతరం కామిక్స్ కళాకారులకి మందుల ఖర్చులకీ, రోజులు గడవడానికీ సాయం చేస్తోంది. చేస్తున్నవాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. కానీ కోట్లు తెచ్చిపెట్టిన పాత్రల్ని గీసినవాళ్లకి మందులు కొనడానికి అభిమానులు చందాలు వేసుకోవాలా?

జపాన్‌లో వారపత్రికలకి వేసేవాళ్లు వారానికి ఇరవై పేజీలకి అటూ ఇటూగా ఇస్తారు. అసిస్టెంట్ల జీతాలు సాధారణంగా ఆ ఆర్టిస్టే తన సంపాదనలోంచి ఇచ్చుకోవాలి. అలాంటి చోట పేరుమోసిన యోషిహిరో తొగాషి, నడుము నొప్పితో రెండేళ్లపాటు కుర్చీలో కూర్చోలేకపోయానని 2022లో తన పుస్తకంలోనే రాసుకున్నాడు. ఆ ఏడాది చివర్లో అతని కథ వేసే వారపత్రిక, ఇకమీదట ఆ కథ వారంవారం పద్ధతిలో రాదని ప్రకటించింది. పత్రిక మూతపడలేదు. పాఠకులు పారిపోలేదు. కదలదు అనుకున్న డెడ్‌లైన్ కదిలింది. అతను పెద్దవాడు కాబట్టి కదిలిందని నాకు తెలుసు. నా అంతటివాడు అడిగితే ఆ కుర్చీలో మర్నాడు ఇంకొకడు ఉంటాడు. అయినా ఒకటి తేలింది కదా, కదిలించాలనుకుంటే కదులుతుందని.

ఇంతకీ నేను అడుగుతున్నది ఏమిటి? రేటు రెట్టింపు చేయమని కాదు (చేస్తే వద్దనను). రేటు మాట్లాడే ముందు స్క్రిప్టు చూపించండి. జనం, గుర్రాలు, ఊళ్లు ఉన్న పేజీలకి ఒక రేటు, మాటల పేజీలకి ఒక రేటు పెట్టండి. అది మరీ తలనొప్పి అనుకుంటే గొడుగుల పేజీకి రెండు రోజులు ఎక్కువ ఇవ్వండి, అది కూడా డబ్బే మాకు. ఒప్పుకున్న పెన్సిల్ బొమ్మ మీద తర్వాత మార్పులు కావాలంటే గంటల లెక్కన కట్టండి. కట్టాల్సి వస్తుందని తెలిస్తే ఆ కోటు ఎంత పొడుగుండాలో పైవాళ్లు శుక్రవారం రాత్రి కాకుండా మొదటి వారంలోనే ఆలోచిస్తారు. పని మధ్యలో మీరే ఆపేస్తే అప్పటిదాకా చేసినదానికి ఇవ్వండి. శాంపిల్ పేజీలు ఐదు ఉచితంగా వేయించుకుని, అందరి దగ్గరా అలాగే వేయించుకుని, చివరికి ఎవరికీ పని ఇవ్వకపోవడం మానేయండి. రెండోసారి అచ్చేసినా, వేరే భాషలోకి పోయినా, ఆటబొమ్మగా, సినిమాగా మారినా మా వాటా ఎంతో సంతకానికి ముందే అంకెల్లో రాయండి. లెటరర్ పేరు, కలరిస్టు పేరు కవర్ మీద వేయండి, దానికి ఇంకు తప్ప ఖర్చు లేదు. ఒరిజినల్స్ తిరిగి పంపండి, మధ్యలో కాస్త గట్టి అట్ట పెట్టి.

నేను చెప్పినవేవీ కొత్తవి కావు. వీటిలో కొన్ని కొందరు ఇప్పటికే చేస్తున్నారు. 1980ల మొదట్లోనే అమెరికాలో డీసీ అనే ప్రచురణ సంస్థ, లక్ష కాపీలు దాటిన పుస్తకాలకి రచయితలకీ ఆర్టిస్టులకీ రాయల్టీ ఇవ్వడం మొదలుపెట్టింది. దాని తర్వాత పోటీవాళ్లూ ఇచ్చారు. ఆ రాయల్టీల వల్ల ఎవరూ దివాలా తీయలేదు.

ఇంకొకటి అడగాలని ఉంది, ఇది కాంట్రాక్టులో పెట్టేది కాదు. మీలో రేటు నిర్ణయించే మనిషి ఎవరో ఒకరు, ఒక్క రోజు మాలో ఎవరిదో ఒకరి గదికి వచ్చి కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టి, ఉదయం నుంచి దీపాలు పెట్టేదాకా, ఒక పేజీ తెల్ల బోర్డు నుంచి ఎక్కడిదాకా వస్తుందో చూడండి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆర్టిస్టు చెయ్యి గాల్లో ఆగిపోయి, గోడ వైపు చూస్తూ ఉంటాడు. అది ఖాళీగా ఉండటం అనుకోకండి, అప్పుడే ఎక్కువ పని జరుగుతోంది. నా గదిలో అయితే రెండో కుర్చీ ఉంది. దాని మీద కాగితాలు ఉంటాయి, తీసేస్తాను.

ఈ ఉత్తరం రాయడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ మేరకు పదిహేడో పేజీ వెనకబడింది. దాంట్లో స్క్రిప్టు ప్రకారం "సంత మళ్లీ, వాన వెలిసింది" అని ఉంది. నా స్నేహితుడికి ఫోన్ చేసి అడిగాను, ఈసారి గొడుగులు మూసేసి ఉంటాయా అని. "కొందరు ఇంకా మర్చిపోయి తెరిచే పట్టుకుని ఉంటారు, ఒక ఇరవై మంది" అన్నాడు. వాడి మాట నిజమే, అలాగే ఉండాలి. బుధవారానికి పంపుతాను.

ఇట్లు,
ఒక కామిక్స్ ఆర్టిస్టు